నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో లైసెన్సు పిస్తోలు: ధర, నమ్మకం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఆత్మరక్షణ లైసెన్సు మీద సామాన్య పౌరుడు ఉంచుకోగల సెమీ ఆటోమేటిక్ పిస్తోలు ప్రధానంగా .32 బోరు రకం. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఆ పేలుడు ఒత్తిడితోనే పైనున్న స్లైడు వెనక్కి జరిగి తూటా ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది, ముందుకు వస్తూ మ్యాగజైన్ నుంచి మరో తూటాను గొట్టంలోకి నెడుతుంది. ఈ వరుసలో ఏ మెట్టు తప్పినా ఆయుధం మొరాయిస్తుంది. అలా ఎంత అరుదుగా జరిగితే ఆ పిస్తోలు అంత నమ్మదగినది. ధరకు దీనితో ఉన్న సంబంధం మాత్రం చాలా తక్కువ. కొనేవారు తరచుగా పొరబడేది ఇక్కడే.

రాయలసీమ ఫ్యాక్షన్ గురించి రాసినవాళ్లు ఎక్కువగా చెప్పేది నాటు బాంబులు, వేటకొడవళ్ల గురించే. లైసెన్సు తుపాకుల కథ దానికి భిన్నం. అది కలెక్టరు కార్యాలయం, పోలీసు విచారణ, రెన్యువల్ గడువుల చుట్టూ తిరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు ఈ ప్రాంతపు లైసెన్సులన్నీ కర్నూలు జిల్లా పరిధిలోవి. పాత లైసెన్సు పుస్తకాల్లో కర్నూలు ముద్రలు కనిపించడం అందుకే.

ధర ఎందుకంత?

1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల ప్రకారం పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం నిషేధిత బోరు. సాధారణ పౌరుడికి జిల్లా స్థాయిలో ఆ లైసెన్సు దొరకదు. ప్రజాప్రతినిధుల వెంట ఉండే గన్‌మెన్ దగ్గర కనిపించే 9 ఎంఎం పిస్తోలు ప్రభుత్వానిది. దాన్ని చూసి అలాంటిదే కావాలని కోరుకునే లైసెన్సుదారుకు చివరికి మిగిలేది .32.

ఆ .32లోనూ ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ప్రభుత్వ కర్మాగారాల సరుకు. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయ్యాక ఈ కర్మాగారాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చాయి. రెండోది పాత విదేశీ సరుకు: జర్మనీ వాల్థర్ పీపీ, పీపీకే, అమెరికా కోల్ట్ 1903, బెల్జియం బ్రౌనింగ్, ఇంగ్లండ్ వెబ్లీ అండ్ స్కాట్. 1980ల మధ్యలో సామాన్య పౌరుల కోసం ఆయుధాల దిగుమతి ఆగిపోయింది. పేరున్న క్రీడాకారులకూ మరికొందరికీ మినహాయింపు ఉంది. కాబట్టి దేశంలో చేతులు మారుతున్న విదేశీ .32లు చాలావరకు అంతకుముందు వచ్చినవే. కొత్తవి రావు, పాతవి అరిగిపోతాయి, కొనేవాళ్లు తగ్గరు. అందుకే తయారైన దేశంలో మామూలు ధర పలికే వాల్థర్ ఇక్కడ లక్షల్లో పలుకుతుంది. ఆ లక్షలు కొరతకు కట్టే ధర, పనితనానికి కాదు. 1903లో మొదలై 1945 వరకు తయారైన కోల్ట్ పిస్తోలులో స్ప్రింగు ఎన్నేళ్ల నాటిదో ఆ ధర చెప్పదు.

చట్టం మారినప్పుడల్లా విలువ కూడా కదిలింది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల ఆయుధాలను మూడు నుంచి రెండుకు తగ్గించింది. అదనంగా ఉన్నది ఏడాదిలోగా అప్పగించాలంది. లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఇంట్లో పాత పన్నెండు బోరు తుపాకీ, రైఫిలు, పిస్తోలు మూడూ ఉన్నవారు ఏది వదులుకోవాలో ఆలోచించాల్సి వచ్చింది.

.32 తూటాకున్న సహజ బలహీనత

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .32 తూటా 1899 నాటి బెల్జియం పిస్తోలుతో లోకంలోకి వచ్చింది. దాని అడుగు అంచు ఒంటికంటే ఒకింత వెడల్పు. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల పడితే రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టుకుంటాయి. అప్పుడు స్లైడు ఎంత లాగినా తూటా ముందుకు రాదు. మ్యాగజైన్ తీసి, తూటాలు ఒక్కొక్కటిగా దించి మళ్లీ నింపాల్సిందే. పొడవు తక్కువగా ఉండే తూటాలతో ఇది ఎక్కువ. ఎంత ఖరీదైన వాల్థర్ అయినా ఈ లోపం నుంచి తప్పించుకోలేదు, ఎందుకంటే లోపం తూటా ఆకారంలోనే ఉంది. పైతూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా జాగ్రత్తగా నింపడమే విరుగుడు.

పాత పిస్తోలు చూసేటప్పుడు మొదట అనుమానించాల్సింది మ్యాగజైన్‌ను. దాని పెదవులు వంగినా, స్ప్రింగు మెత్తబడినా తూటా వంకరగా గొట్టంలోకి వెళ్తుంది. ఆ పిస్తోలుతో వచ్చిన అసలు మ్యాగజైన్ ఉంటే విలువ పెరుగుతుంది, నమ్మకమూ పెరుగుతుంది. ఈ రెండూ ఒకే దారిలో నడిచే సందర్భాలు అరుదు కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గది. ఆ తర్వాత చూడాల్సింది ఖాళీ తొడుగును లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం. అది అరిగితే తొడుగు గొట్టంలోనే ఉండిపోతుంది, లేదా స్లైడు మధ్యలో నిలువుగా ఇరుక్కుంటుంది. పాత రీకాయిల్ స్ప్రింగు మార్చించుకోవడం పెద్ద ఖర్చు కాదు. దాన్ని మార్చకుండా, నికెల్ పూత మెరుపు చూసి లక్షలు పోయడమే పెద్ద ఖర్చు.

ఏ పరిశీలనకైనా ముందు మ్యాగజైన్ తీసి, స్లైడు వెనక్కి లాగి, గొట్టంలో తూటా లేదని కంటితో చూడాలి. మ్యాగజైన్ తీసినంత మాత్రాన గొట్టంలో ఉన్న తూటా పోదు. కోల్ట్ 1903లో సుత్తి లోపలే దాగి ఉంటుంది, కాబట్టి అది ఎక్కుపెట్టి ఉందో లేదో బయటికి కనిపించదు.

పరీక్ష ఎలా?

నమ్మకానికి కాల్చడాన్ని మించిన పరీక్ష లేదు. 1911లో అమెరికా సైన్యం కోల్ట్ .45ను తీసుకునే ముందు ఒకే పిస్తోలుతో 6,000 తూటాలు కాల్పించింది, అది ఒక్కసారీ మొరాయించలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు కూడా డల్లాస్, హ్యూస్టన్ రేంజిల్లో కొత్త పిస్తోలును కొన్ని వందల తూటాలతో పరీక్షించగలరు. బ్రాండు పేరు ఒక్కటే చాలదని అక్కడి అనుభవమే చెబుతోంది. అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంచుకున్న డిజైనుకు మూలమైన సిగ్ సావర్ పీ320కి, కింద పడితే పేలవచ్చని పరీక్షల్లో తేలాక, కంపెనీ అదే ఏడాది ఆగస్టులో భాగాలు మార్చి ఇస్తామని ప్రకటించింది.

నంద్యాల లైసెన్సుదారుకు అలా వందల తూటాలు కాల్చి చూసే సౌకర్యం లేదు. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. కొన్న తూటాలకు లెక్క ఉంటుంది. గాల్లోకి కాల్చి పరీక్షించడం నేరం. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2019 సవరణ చెప్పింది. అనుమతి ఉన్న షూటింగ్ రేంజి ఒక్కటే దారి.

కాల్చి తెలుసుకోవడం అంటే ఏమిటో క్రీడాకారులను చూస్తే అర్థమవుతుంది. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో స్వర్ణం, వ్యక్తిగత పోటీలో రజతం గెలిచింది. ఆ పోటీలో వాడే .22 పిస్తోళ్లు సెమీ ఆటోమేటిక్‌వే. పిస్తోలు షూటరు తప్పు లేకుండా మొరాయిస్తే ఏం చేయాలో పోటీ నియమాల్లోనే రాసి ఉంటుంది. ప్రపంచస్థాయి ఆయుధమూ ఆగవచ్చని ఒప్పుకున్న నియమం అది. కొత్త తూటా బ్యాచి ఏదైనా ముందు సాధనలో చూసుకున్నాకే పోటీకి తీసుకెళ్లాలి. ఆత్మరక్షణకు పెట్టుకున్నవారూ ఇదే పాటించాలి: జేబులో పెట్టుకునే తూటా ఏ రకమో, పరీక్షించేదీ అదే రకం కావాలి.

ఎన్నికలు, నేల, ఎండ

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక, జిల్లా స్క్రీనింగ్ కమిటీ పరిశీలించి చెప్పిన లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించాలి. ఫలితాలు వెలువడిన వారం తర్వాత తిరిగి ఇస్తారు. 2017 ఆగస్టు ఉప ఎన్నిక లాంటి ఉద్రిక్త పోటీలు చూసిన నంద్యాలకు ఇది అలవాటైన వ్యవహారం. వారాల తరబడి కదలకుండా పడి ఉన్న పిస్తోలులో నూనె ఆరి జిగురవుతుంది. ఇక్కడి నల్లరేగడి దుమ్ము, 40 డిగ్రీలు దాటే ఎండ దానికి తోడవుతాయి. తిరిగి వచ్చిన ఆయుధాన్ని విప్పి తుడిచి, పలచగా నూనె పూసి, స్లైడు సాఫీగా కదులుతుందో చూసి గానీ నమ్మకూడదు.

అమ్మేటప్పుడు

పిస్తోలు విలువలో సగం కాగితాల్లో ఉంటుంది. ఫ్రేము మీది నంబరు లైసెన్సులోని నంబరుతో కలవాలి, స్లైడు మీదా నంబరు ఉంటే అదీ సరిపోవాలి. నంబరు చెరిపేసిన ఆయుధం దగ్గర ఉంచుకోవడమే నేరం. అది ఎంత అందమైన బ్రౌనింగ్ అయినా విలువ సున్నా. అమ్మేవారు కలెక్టరుకు గానీ స్టేషను అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. కొనేవారికి అదే రకం ఆయుధానికి లైసెన్సు ఉండాలి. వారసత్వానికి వేరే దారి ఉంది. లైసెన్సుదారు చనిపోయినప్పుడు గానీ, 70 ఏళ్లు నిండినప్పుడు గానీ, ఆయుధం ఉంచుకుని 25 ఏళ్లు దాటినప్పుడు గానీ వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చని 2016 నియమాలు చెబుతున్నాయి. అర్హుడైన వారసుడు లేని ఇంట్లో తాతగారి వాల్థర్ డీలరు దగ్గరో స్టేషనులోనో డిపాజిట్ అవుతుంది. కొనడానికి అర్హత ఉన్నవాడు దొరికేదాకా దాని ధర ఎంతో ఎవరూ చెప్పలేరు.