ఐస్ హాకీ లీగు – విస్తరణకు హద్దు

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానమూ, ధ్యాన్‌చంద్ పేరూ స్ఫురిస్తవి. కెనడా దేశస్థులకు స్ఫురించేది గడ్డకట్టిన నీటిపై సాగే ఆట. అడుగున ఉక్కు అంచులు గల జోళ్ళు తొడిగి, జట్టుకు ఆరుగురు చొప్పున, నల్లని రబ్బరు బిళ్ళ కొరకు పోరాడే క్రీడ అది. దానికి ప్రపంచంలోకెల్ల ప్రధానమైన వృత్తి సంస్థ నేషనల్ హాకీ లీగు. నేడు అందులో 32 జట్లు ఉన్నవి. ఇన్ని జట్లు తగునా అనే వాదం ఆ ఆటను ప్రేమించేవారి మధ్య ఎడతెగక సాగుతున్నది. చరిత్రను తిరగవేసి చూస్తే ఈ వాదం కొత్తది కాదని తెలుస్తుంది.

1917 నవంబరులో మాంట్రియల్ నగరంలో లీగు పుట్టినది. తొలి యేట ఆడినవి నాలుగే జట్లు. అందులో ఒకటి, తన క్రీడాశాల అగ్నికి ఆహుతి కాగా, కొద్ది వారాలకే తప్పుకొన్నది. 1924లో బోస్టన్ జట్టు చేరికతో లీగు అమెరికాలో అడుగు పెట్టినది. 1926 నాటికి జట్లు పది అయినవి. అంతలో ఆర్థికమాంద్యము, ఆ వెనుక యుద్ధము వచ్చిపడినవి. 1934లో రాజధాని ఒట్టావా సైతం తన జట్టును పోగొట్టుకొన్నది. 1942 నాటికి మిగిలినవి ఆరు. వాటిలో కెనడావి రెండే. అయినను ఆట కుంచించుకుపోలేదు. ఫాస్టర్ హ్యూయిట్ వ్యాఖ్యానం వినుటకు శనివారం రాత్రి, జట్టు లేని ఊళ్ళలో కూడ, కుటుంబాలు రేడియో చుట్టూ చేరేవి.

ఆ ఆరు జట్ల కాలాన్ని పలువురు స్వర్ణయుగమంటారు. కాని చోటు చాలక ఎందరో సమర్థులు చిన్న లీగులలోనే వయసు వెళ్ళబుచ్చినారు. గోలు కాపరి జానీ బోవర్‌కు టొరాంటోలో స్థిరమైన స్థానం లభించినది 1958లో, 33వ యేట.

1967లో ఆరు జట్లు ఒక్కసారిగా పన్నెండయినవి. కొత్త జట్టు ప్రవేశ రుసుము 20 లక్షల డాలర్లు. 1972లో పోటీ లీగు ఒకటి వెలసి ఆటగాళ్ళను పంచుకొన్నది. అట్టి సమయంలోనే విస్తరణ ఆగక, 1974 నాటికి జట్లు 18 అయినవి. ఆ యేడు చేరిన వాషింగ్టన్ జట్టు తొలి సంవత్సరం 80 ఆటలలో గెలిచినవి ఎనిమిది. దానితోపాటు చేరిన కాన్సస్ సిటీ జట్టు రెండేండ్లకే ఊరు విడిచినది. కాలిఫోర్నియా జట్టు క్లీవ్‌లాండుకు తరలి, 1978లో మరొక జట్టులో కలిసిపోయినది. ఇది మితిమీరిన విస్తరణ అనక తప్పదు. రుసుము చెల్లించినంతనే జట్టు కాదు. ఇల్లు అలకగానే పండుగ కాదు గదా!

1990 తరువాత లీగు దక్షిణాన వెచ్చని రాష్ట్రాలకు విస్తరించినది. అదే దశాబ్దంలో క్విబెక్ జట్టు 1995లో డెన్వరుకు, విన్నిపెగ్ జట్టు 1996లో అరిజోనాకు వలసపోయినవి. విన్నిపెగ్ 15 సంవత్సరాలు నిరీక్షించి 2011లో అట్లాంటా జట్టును తెచ్చుకొన్నది. క్విబెక్‌కు ఆ భాగ్యమూ కలుగలేదు. అరిజోనా జట్టు 2009లో దివాలా తీసి, 2024లో సాల్ట్ లేక్ సిటీకి తరలినది. అయితే అరిజోనా ఎడారిలో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్‌ను 2016లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో టొరాంటో జట్టు అందరికన్న ముందుగా ఎన్నుకొన్నది. జట్టు పోయినను, అది నాటిన విత్తనం ఫలించినదన్న మాట.

నేడు రష్యా, స్వీడన్, ఫిన్లాండ్, చెక్ దేశాలనుంచి కూడ ఆటగాళ్ళు వస్తున్నారు. 50 కోట్ల డాలర్లు చెల్లించి 2017లో ప్రవేశించిన లాస్ వేగాస్ జట్టు మరుసటి యేడే తుదిపోటీకి చేరి, 2023లో స్టాన్లీ కప్పు గెలిచినది. కావున 32 అనే సంఖ్యలో దోషం లేదని మా అభిప్రాయం. దోషమల్లా తొందరలో ఉన్నది. ఆటగాళ్ళు చాలినంతమంది ఉన్నారా, నిలకడైన క్రీడాశాల ఉన్నదా, నష్టాన్ని ఓర్చే యజమాని ఉన్నాడా అని విచారించక రుసుముకు ఆశపడినప్పుడెల్ల మూల్యం చెల్లించినవారు అభిమానులే. లీగుకు ఒక జట్టు పోయిన మరొకటి వస్తుంది. ఊరికి మాత్రం ఉన్నది ఒక్కటే.