వాన నీటికి పార్కులే స్పీడ్ బ్రేకర్లు.. మూసీలోకి మురికి చేరకుండా ఆపేదెలా?

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు.. రోడ్లు చెరువులవుతాయి, నాలాలు పొంగుతాయి. ఆ నీళ్లలో చాలా భాగం చివరికి చేరేది మూసీకే. ఈ నీటిని కాసేపు ఆపి, వడకట్టి పంపే పని నగరంలోని పార్కులు చేయగలవు. ఎలాగో చూద్దాం..

నదికి ముప్పేంటి?

మట్టి నేల వాన నీటిని పీల్చుకుంటుంది. సిమెంట్, తారు రోడ్లకు ఆ శక్తి లేదు. అందుకే నీరు ఒక్కసారిగా నాలాల్లోకి దూకుతుంది. బండ్ల నుంచి కారిన ఆయిల్, టైర్ల పొడి, ప్లాస్టిక్, చెత్త అన్నీ అందులోనే. వాన మొదలైన కాసేపటికి వచ్చే నీటిలోనే మురికి ఎక్కువ. నాలాల్లో డ్రైనేజీ కూడా కలిస్తే పరిస్థితి మరీ ఘోరం. ఇదే మూసీ నీటితో దిగువన యాదాద్రి భువనగిరి, నల్గొండ జిల్లాల్లో వరి పండిస్తున్నారు. వాడపల్లి దగ్గర ఈ నది కృష్ణలో కలుస్తుంది.

జంట జలాశయాలు ఉన్నాయిగా?

1908 సెప్టెంబర్ వరదల తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. అవి నగరానికి ఎగువన ఉన్నాయి. పైనుంచి వచ్చే వరదను ఆపగలవు కానీ, వాటికి దిగువన నగరంలో కురిసిన వానను ఆపలేవు. దాన్ని పడిన చోటే ఆపాలి.

పార్కు ఎంత నీటిని ఆపుతుంది?

ఎకరం స్థలంలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్లు. అంటే పదెకరాల పార్కులో 20 లక్షల లీటర్లు. థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌లో 2017లో తెరిచిన చులాలాంగ్‌కార్న్ సెంటెనరీ పార్కును ఇందుకోసమే ఏటవాలుగా కట్టారు. 11 ఎకరాల ఈ పార్కు దాదాపు 38 లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది.

ఏం చేయాలి?

* పూల మడులు, లాన్‌లు నడక దారి కంటే కాస్త పల్లంగా ఉండాలి. మడి ఎత్తుగా ఉంటే నీరు, మట్టి రెండూ రోడ్డు మీదకే వస్తాయి.
* సిమెంట్ కాలువకు బదులు గడ్డి పెంచిన వెడల్పాటి కాలువ వేస్తే నీటి వేగం తగ్గుతుంది, మట్టి అక్కడే ఆగుతుంది.
* నడక దారులకు నీరు ఇంకే టైల్స్ వాడాలి.
* రోడ్డు నీటిని పార్కులోకి తీసుకుంటే ముందు పూడిక గుంత, జాలీ తప్పనిసరి. మురికి నీటిని నేరుగా బోరులోకి పంపకూడదు. భూగర్భ జలమే పాడవుతుంది.
* ఎరువులు, పురుగుమందులు తగ్గించాలి. వాన ముందు అస్సలు వేయొద్దు.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

హైదరాబాద్ నేల కింద చాలా చోట్ల గ్రానైట్ రాయే. నీరు వేగంగా ఇంకదు. కాబట్టి మిగులు నీరు మెల్లగా బయటకు పోయే దారి ఉండాలి. గుంతల్లో నీరు ఒకట్రెండు రోజుల్లో ఖాళీ అవ్వాలి. వారం నిలిస్తే దోమలు పుడతాయి. వానాకాలానికి ముందే పూడిక తీయాలి. పూడిక నిండిన ఇంకుడు గుంత ఉన్నా లేనట్టే!