ఏ ఈడుకు ఏ జాగ?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా తమ్ముడి బిడ్డ ఇద్దరు పిల్లల్ని తీసుకుని నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి వచ్చింది. చిన్నవాడికి నాలుగేళ్లు. పెద్దది ఆడపిల్ల, పన్నెండో ఏడు నడుస్తోంది. వచ్చిన రెండోరోజు సాయంత్రం అడిగింది.

"అత్తా, ఈడ పిల్లల్ని ఆడిపిచ్చనీకి మంచి జాగ ఏడుంది?"

చిన్నవాడి సంగతి తడుముకోకుండా చెప్పేశాను. ఇసుక కనిపిస్తే చాలు వాడికి. పార్కులో జారుడుబల్ల ఉంది, గుడి ముందర నీడ ఉంది, ఏమీ లేకపోతే మా వాకిలి ఉంది. పెద్దది మగపిల్లాడైతే అదీ సులువే. బడి మైదానం, చెరువు కింద బీడు, చివరికి నడిబజారు, ఏ మూల చూసినా క్రికెట్టే. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. ముప్పయ్యేళ్లు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఈ జిల్లాల్లోనే పుట్టి పెరిగినదాన్ని. పన్నెండేళ్ల ఆడపిల్ల ఆడుకోవడానికి ఒక్క జాగ పేరు నా నోటికి రాలేదు.

నేను చెప్పిన చరిత్రలో కోటలున్నాయి. గద్వాల కోట కట్టించిన నలసోమనాద్రి ఉన్నాడు. 1959లో పాలిటెక్నిక్‌ కాలేజీగా మారిన వనపర్తి రాజప్రాసాదం ఉంది. జాగీర్ల రద్దు, సంస్థానాల విలీనం, అన్నీ తేదీలతో సహా చెప్పేదాన్ని. కాని ఈ మూడు ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కడ ఆడుకున్నారు, ఏ ఈడు వరకు ఆడుకున్నారు అని ఒక్కసారైనా అడగలేదు. స్త్రీల చరిత్ర కావాలంటే స్త్రీలనే అడగాలని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' మనకు నేర్పింది. ఆ పుస్తకం క్లాసులో చూపించి గొప్పగా మాట్లాడిన నేను, మా ఇంట్లో అవ్వను అడగడానికి మాత్రం చాలా ఆలస్యం చేశాను. అదృష్టం కొద్దీ ఆమె పోయేలోపు కొంతైనా అడిగాను.

అవ్వది గద్వాల. నేతపని చేసే ఇల్లు. తొమ్మిదో ఏట పెళ్లి చేశారు. ఆమె లెక్క ప్రకారం అది 1929కి అటూ ఇటూ కావాలి. బ్రిటిష్‌ ఇండియాలో శారదా చట్టం వచ్చిన సంవత్సరం అదే. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. అప్పటికి గద్వాల సంస్థానాన్ని ఏలుతున్నది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. 1924 నుంచి సంస్థానం పోయేదాకా ఆమె పాలనే. ఈనాటికీ అక్కడి డిగ్రీ కాలేజీ ఆమె పేరుతోనే ఉంది. "రాణి ఏలిన ఊరు గదా, ఆడపిల్లలకు ఏమన్న ఎక్కువ నడిచేదా అవ్వా?" అని అడిగాను. అవ్వ నవ్వింది. "రాణి కోటల ఉండె. మేము మగ్గం కాడ ఉంటిమి" అంది.

మగ్గం దగ్గర పిల్లల పని కండెలు చుట్టడం. మగపిల్లలూ చుట్టేవారు. అయితే వాళ్లు కండెల బుట్ట నిండగానే బయటికి ఉరికేవారట. ఆడపిల్లకు కండెల తర్వాత నీళ్లు, నీళ్ల తర్వాత చంటిపిల్లను ఎత్తుకోవడం. "మరి నువ్వు ఏమాడేదానివి?" అంటే అవ్వ చెప్పిన పేరు అచ్చనగండ్లు. ఐదు రాళ్లు. అరుగు మీద కూర్చుని, చంకలోని పిల్లను పక్కన దింపి, ఒక చేత్తో ఆడేది. పిలుపు రాగానే రాళ్లు కొంగున ముడేసుకుని లేచిపోయేది. పెళ్లయి అత్తగారింటికి పోయినప్పుడు కూడా ఆ ఐదు రాళ్లు కొంగులో వెంట వచ్చాయట. అక్కడ ఆడనిచ్చారా అని అడిగాను. "ఎవరితోని ఆడాలె?" అంది.

ఆ మాట విన్న తర్వాత మన ఆటలన్నీ నాకు ఇంకో రకంగా కనిపించడం మొదలైంది. మగపిల్లల చిర్రగోనెకు పొడుగాటి బీడు కావాలి. చెడుగుడుకు రెండు జట్లు, గంటసేపు ఎవరూ పిలవని సాయంత్రం కావాలి. ఆడపిల్లల ఆటలు చూడండి. అచ్చనగండ్లు గుప్పిట్లో పడతాయి. వామనగుంతలు నట్టింట్లో ఆడొచ్చు. తొక్కుడుబిళ్ళకు బొగ్గుతో నాలుగు గీతలు చాలు, కసువు ఊడిస్తే గీతలే ఉండవు. మధ్యలో పిలిస్తే ఆపడానికి వీలైన ఆటలే ఆడపిల్లలకు మిగిలాయి. ఇవి 'స్వభావసిద్ధంగా నెమ్మదైన' ఆటలని పుస్తకాల్లో రాస్తుంటారు. స్వభావం కాదు. చేతిలో ఉన్న జాగకు, చేతికి అందిన సమయానికి తగ్గట్టు పిల్లలే కుదించుకున్న ఆటలివి. అందులో వాళ్ల తెలివి ఎంత ఉందో, వాళ్లకు జరిగిన అన్యాయమూ అంత ఉంది.

ఆటలకు చరిత్రలో చోటివ్వాలని మన ప్రాంతంలో మొదట గట్టిగా అనుకున్నవాడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనే ఉంది. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచే శాసనసభకు గెలిచాడు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలు పక్కనబెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి చూపించాడు. ఆడపిల్లల ఆటలూ అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఈ మధ్య ఆటల కోసమే మళ్లీ చదివాను. పేర్లు చదువుతుంటే ముచ్చటేస్తుంది. అయితే పాత కావ్యాలు రాసినవాళ్లు మగవాళ్లు. ఆ ఆట ఆడుతున్న పిల్లకు ఎన్నేళ్లు, ఎవరు పిలిస్తే లేచిపోయింది, మళ్లీ ఎప్పుడైనా వచ్చి కూర్చుందా అన్నవి వాళ్ల పద్యాలకు అక్కర్లేదు. ఆ మిగతా సగం మన అవ్వల దగ్గర, అమ్మల దగ్గరే ఉంది.

ఇక నా సంగతి. మా నాన్నకు వనపర్తిలో చిన్న ఉద్యోగం. నా చదువు అక్కడే సాగింది. అవ్వకు లేని బడి నాకు దొరికింది, బడికి పెద్ద మైదానమూ ఉండింది. ఐదో తరగతి దాకా ఆ మైదానం నాదే అనుకున్నాను. ఏడుపెంకులాటలో బంతి విసిరితే గురి తప్పేదాన్ని కాదు. ఆరో తరగతిలో ఆడపిల్లల్ని వేపచెట్టు ఇవతలికి జరిపారు. ఎవరూ గీత గీయలేదు, అయినా గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. ఎనిమిదిలో నేను పెద్దమనిషినయ్యాను. మూలన కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటం చేసి బడికి పంపేటప్పుడు అమ్మ అన్నది ఒకటే మాట: "ఇగ ఆడింది చాలు." ఆటల పీరియడ్‌లో మాకు కుట్టుపని అప్పజెప్పారు. కిటికీలోంచి మైదానం కనిపించేది. అమ్మ మీద ఆరోజు కోపం వచ్చింది. ఆమెకు ఆ పాటి మైదానం కూడా లేదని అప్పుడు నాకు తోచలేదు.

ఏడాదికి తొమ్మిది రోజులు మాత్రం వీధి మాది. బొడ్డెమ్మ రోజులు. బతుకమ్మ అందరికీ తెలుసు. దానికంటే ముందు, పెళ్లికాని పిల్లలు ఆడేది బొడ్డెమ్మ. పీట మీద పుట్టమన్నుతో అంతస్తులు కట్టి, పూలు పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి ఆడేవాళ్లం. పొద్దుగూకినా ఎవరూ కేకలెయ్యరు. మగపిల్లలు పక్కకు తప్పుకుని పోవాలి. ఆ తొమ్మిది సాయంత్రాలు దేవుడి పేరు మీద దొరికిన సెలవు. ఆలోచిస్తే ఇక్కడా జాగను పంచింది ఈడూ పెళ్లీ. పెళ్లికాని పిల్లకు బొడ్డెమ్మ, పెళ్లయినామెకు బతుకమ్మ. ఇంకో పంపకం కూడా ఉండింది, అది చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా వీధి బొడ్డెమ్మ చుట్టూ మాదిగవాడ పిల్లలు లేరు. నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల వాళ్ల వాడలో వేరే ఆడుకుంది. నేను ఎందుకని అడగలేదు. 'మా వీధి' అని ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఆ 'మా'లో ఎవరు లేరో చూసుకోవాల్సి వస్తోంది.

2000 తర్వాత ఆ మొదటి ఏళ్లలో, బడి మానేసిన పిల్లల వివరాలు రాసుకోవడానికి మేం కొందరం గద్వాల చుట్టుపక్కల ఊళ్లు తిరిగాం. అప్పటికి అక్కడ సీడుపత్తి బాగా పాకింది. సంకరజాతి విత్తనం తయారుకావాలంటే ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు చేత్తో అంటించాలి. దాన్ని క్రాసింగ్‌ అంటారు. తెల్లారితే విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రం గిల్లి, లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దాలి. నెలల తరబడి రోజూ ఇదే పని. ఈ పనికి పెట్టుకున్నది ఎక్కువగా ఆడపిల్లల్ని, ఏడెనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చేవారు. చిన్న చేతులైతే మొగ్గ నలగదని చెప్పేవారు. చిన్న చేతులకు కూలి తక్కువన్నది అసలు కారణం.

పత్తి మొగ్గ గిల్లే వేళ, పిల్లలు ఆటకు వచ్చే వేళ ఒకటే. పొద్దున పుప్పొడి రుద్దే వేళకు బడి గంట కొడతారు. ఒక పిల్లను నువ్వేం ఆటలాడతావని అడిగాను. రెండు వేళ్లు గాలిలో పెట్టి మొగ్గ గిల్లినట్టు చూపించింది. ఎవరు ఎక్కువ సాళ్లు దాటితే వాళ్లు గెలిచినట్టట. అంటే అక్కడా ఒక ఆట పుట్టించుకున్నారు. దాన్ని చూసి పిల్లల సృజన అని మురిసిపోవాలనిపించలేదు. ఉద్యమాల వల్ల, విత్తన కంపెనీల మీద వచ్చిన ఒత్తిడి వల్ల తర్వాతి ఏళ్లలో చిన్నపిల్లలు ఆ చేలల్లో తగ్గారు. 2004 నుంచి వచ్చిన కస్తూర్బా బాలికా విద్యాలయాలు కొందరిని హాస్టలు చదువుకు లాక్కొచ్చాయి. అయినా 2011 జనగణనలో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత సగానికి చేరలేదు. పలక పట్టాల్సిన ఏళ్లు, ఆట ఆడాల్సిన ఏళ్లు ఒకటే కదా. రెండూ కలిసే పోయాయి.

ఇది పాలమూరు వెనుకబాటు వల్లనే అని సరిపెట్టుకుందామంటే, సంపన్న దేశాల చరిత్ర కూడా కొంత ఇలాగే ఉంది. అమెరికాలో ప్రజల కోసం మొదటి ఆటస్థలాలు అనదగ్గవి 1885లో బోస్టన్‌లో వెలిసిన ఇసుక తోటలు. బెర్లిన్‌లో పిల్లల కోసం పోసిన ఇసుక కుప్పలు చూసి, మన ఊళ్లోనూ పెడదామని ఉత్తరం రాసింది మేరీ జక్రషెవ్‌స్కా అనే డాక్టరమ్మ. అక్కడి స్త్రీలే వాటిని నడిపించారు. చిన్నపిల్లల జాగ సంగతి తల్లులకు వెంటనే తట్టింది. పెద్దపిల్లల జాగ సంగతి లోకానికి తట్టడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. 1990ల్లో వియన్నా నగరంలో పార్కులకు ఎవరెవరు వస్తున్నారో లెక్క చూస్తే, తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు కనిపించకుండా పోతున్నారని తేలింది. మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఉన్న ఒక్క పెద్ద జాగను బంతాట వాళ్లు పట్టేసుకుంటే, ఆడపిల్లలు దాని కోసం కొట్లాడలేదు, తప్పుకున్నారు. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. పెద్ద జాగను చిన్న చిన్న ముక్కలుగా విడదీశారు, వాలీబాల్‌కూ బ్యాడ్మింటన్‌కూ చోటు పెట్టారు, దారులు వేశారు. ఆడపిల్లలు తిరిగి రావడం మొదలుపెట్టారు.

తొమ్మిదేళ్లు! అది మా అవ్వ పెళ్లి ఈడు. వనపర్తి బడిలో నన్ను వేపచెట్టు ఇవతలికి జరిపిన ఈడుకు రెండేళ్లు ముందు.

మన దగ్గర కాగితాల మీద లోటేమీ లేదు. ఆడుకోవడం పిల్లల హక్కని చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. అందుకే ఆ సెలవుల్లో మా పిల్లను వెంటబెట్టుకుని జాగలు వెతకడానికి బయల్దేరాను.

మొదట ఒక బడి మైదానం. నాలుగు క్రికెట్‌ ఆటలు ఒకదాని మీదొకటి నడుస్తున్నాయి. పిల్ల పదినిమిషాలు గోడ పక్కన నిలబడి, పోదామంది. రెండోది ఒక ఊరి క్రీడా ప్రాంగణం. బోర్డు బాగుంది. ఖోఖో కోర్టు, వాలీబాల్‌ స్తంభాలు ఉన్నాయి. ఊరికి దూరంగా, చేల మధ్య ఉంది. నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, పొద్దుగూకితే లైటు లేదు. అక్కడికి ఏ తల్లి తన బిడ్డను ఒంటరిగా పంపుతుంది?

చీకటిపడే వేళకు ఇంటికొచ్చాం. మా సందులో నలుగురు ఆడపిల్లలు లేని నెట్టుకు అటూ ఇటూ నిలబడి షటిల్‌ ఆడుతున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు చిక్కుడుకాయలు తుంపుతూ మాట్లాడుకుంటున్నారు. మావాళ్ల పిల్ల ఎవర్నీ అడగకుండానే వాళ్లలో కలిసిపోయింది. బండి వచ్చినప్పుడల్లా పక్కకు తప్పుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం.

మా తమ్ముడి బిడ్డకు నేను చెప్పలేకపోయిన జవాబు అక్కడ ఉంది. నాలుగేళ్ల వాడికి ఇసుక, నీడ, కంటికి కనిపించేంత దూరం చాలు. పన్నెండేళ్ల ఆడపిల్లకు మైదానం ఎంత పెద్దదన్నది తర్వాతి లెక్క. చుట్టూ నలుగురు ఆడవాళ్లు తిరుగుతుండాలి. లైటు వెలగాలి. బహిష్టు రోజుల్లో కూడా పోగలిగే మరుగుదొడ్డి, అందులో నీళ్లు ఉండాలి. ఒకే జట్టు ఆక్రమించలేనట్టుగా జాగ విడివిడిగా ఉండాలి. ఏ వాడ పిల్లయినా ఎవరినీ అడగకుండా రాగలగాలి. ఇవేవీ కోట్లు పెట్టి కట్టేవి కావు. జాగ ఎంచేటప్పుడు ఆడపిల్లల్ని అడిగితే వాళ్లే చెప్తారు.

ఇవన్నీ ఉన్నా ఇంకొకటి కావాలి. ఆ రాత్రి వంటింట్లోంచి మా తమ్ముడి బిడ్డ కేకేయబోయింది, "పళ్లాలు పెట్టుదువు, రా" అని. చిన్నవాడు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"పిలువకు. ఆట కానీ. పళ్లాలు నేను పెడత, వీడు నీళ్లు పెడతడు."