బుల్లెట్టు బండి - కామ్ కథ

మెదక్ పట్టణానికి రైలు 2022లో వచ్చింది. అంతవరకు అక్కడినుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదుకు పోవాలన్నా, చుట్టుపక్కల పల్లెలకు పోవాలన్నా ఊరివారికి రోడ్డే దిక్కు. ఇటువంటి రోడ్లమీద దేశమంతటా తరతరాలుగా తిరిగిన బండ్లలో బుల్లెట్టు మోటారు సైకిలు ఒకటి. కంటికి కనబడక ముందే చెవికి తెలిసే బండి అది. దాని పాత ఇంజనులో కామ్ మార్చితే బలం పెరుగుతుందని అభిమానులు చెప్పుకొంటారు. అది నిజమే. కాని ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? దానికి బదులుగా ఏమి పోయింది? ఈ ప్రశ్నలకు జవాబు కామ్ చరిత్రలోనే ఉన్నది.

కామ్ అంటే ఏమిటి?

ఒక ఇరుసుమీద గుడ్డు ఆకారంలో ఉన్న ఉక్కు బిళ్లను ఊహించుకొందాము. ఇరుసు తిరిగినప్పుడు బిళ్ల మొన తనపై ఆనిన కడ్డీని పైకి నెట్టి, మళ్లీ కిందికి దిగనిస్తుంది. గుండ్రంగా తిరిగే చలనం ఈ విధంగా కిందికీ మీదికీ పోయే చలనంగా మారుతుంది. ఈ ఉపాయం పాతది. 1206లో అల్ జజరీ తాను రచించిన యంత్రాల గ్రంథంలో కామ్‌లను వర్ణించినాడు.

ఇంజనులో కామ్ పని కవాటాలను తెరవడం. ఒక కవాటం గుండా పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోనికి వస్తుంది. మరొకదాని గుండా మండిన వాయువు బయటికి పోతుంది. పిస్టను నాలుగు సార్లు కదిలితేగాని ఒక ఆవృత్తి పూర్తి కాదు. ఆ లోపల క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. కవాటం మాత్రం ఒక్కసారే తెరుచుకోవాలి. కనుకనే కామ్ క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది.

1885లో జర్మనీలో డైమ్లరు, మైబాఖు తమ రెండు చక్రాల బండికి అమర్చిన ఇంజనులో ప్రవేశ కవాటాన్ని తెరవడానికి కామ్ లేదు. పిస్టను కిందికి దిగినప్పుడు కలిగే పీల్పుకే అది తెరుచుకొనేది. మెల్లగా తిరిగే ఇంజనుకు అది చాలింది. వేగం పెరిగేకొద్దీ పీల్పును నమ్ముకొన్న కవాటం వెనుకబడసాగింది. దానిని కూడ కామ్‌తోనే తెరవవలసి వచ్చింది. వేగం కోసమే కామ్ అక్కడికి చేరిందన్నమాట.

కాలువ నేర్పే పాఠం

మెదక్ దగ్గర మంజీరానదిపై ఘనపురం ఆనకట్ట ఉన్నది. అటువంటి ఆనకట్ట కాలువలో నీరు జోరుగా పారుతుండగా అడ్డంగా పలక దించితే ఏమవుతుంది? నీరు వెంటనే ఆగదు. వెనుకనుంచి తోసుకొని వచ్చి పలక ముందు మట్టం పెంచుతుంది. నీరు మెల్లగా పారుతుంటే ఈ పొంగు కనబడదు. దీనికి కారణం జడత్వం.

ఇంజను గొట్టంలోని మిశ్రమానికీ జడత్వం ఉన్నది. పిస్టను అడుగు చేరి మళ్లీ పైకి బయలుదేరినా, వేగంగా వస్తున్న మిశ్రమం లోనికి దూరుతూనే ఉంటుంది. అందుకే ప్రవేశ కవాటాన్ని కొంత ఆలస్యంగా మూస్తారు. ఉదాహరణకు, క్రాంకు కోణంలో అది పై కొసకు 30 డిగ్రీల ముందు తెరుచుకొని, కింది కొస దాటిన 60 డిగ్రీలకు మూసుకొన్నదనుకొందాము. మొత్తం 30 + 180 + 60 = 270 డిగ్రీలు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు దీనికి పట్టే కాలం 0.0225 సెకండు, 5,000 చుట్ల వద్ద 0.009 సెకండు మాత్రమే. అంత తక్కువ కాలంలో సిలిండరు నిండాలంటే కవాటం ఇంకా ఎక్కువ కోణంపాటు, ఇంకా ఎత్తుగా తెరచి ఉండాలి. పందెపు కామ్ చేసే పని ఇదే.

అయితే అదే కామ్‌తో ఇంజను మెల్లగా తిరిగినప్పుడు మిశ్రమానికి జోరు ఉండదు. ఆలస్యంగా మూసుకొనే కవాటం గుండా, పైకి వచ్చే పిస్టను దానిని వెనక్కు నెట్టివేస్తుంది. పై కొస వద్ద రెండు కవాటాలూ కలిసి తెరచి ఉండే వ్యవధి పెరిగి, మండిన వాయువు కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఫలితంగా ఇంజను నిలకడ తప్పుతుంది; ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు. కింది వేగాల బలాన్ని ఇచ్చి పై వేగాల బలాన్ని కొనుక్కోవడమే ఈ బేరం.

పందెపు మైదానంలో

ఈ బేరాన్ని పందెగాళ్లు ముందుగా గ్రహించినారు. ఇంగ్లండులోని వెలోసెట్ సంస్థ 1925లో కామ్‌ను సిలిండరు తలపైకే ఎక్కించింది. పొడవాటి తోపుడు కడ్డీలు తప్పడంతో కదిలే బరువు తగ్గింది. వేగంగా వెలిగి ఆరే స్ట్రోబోస్కోపు దీపం కింద ఇంజనును తిప్పి, కవాటాలు కామ్‌ను విడిచి ఎగిరిపోవడాన్ని వారు కంటితో చూచినారు. 1926లో ఐల్ ఆఫ్ మాన్ జూనియర్ పందెంలో ఆ బండి పది నిమిషాలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. తరువాత బి.ఎస్.ఎ. సంస్థ తన గోల్డ్ స్టార్ బండికి ప్రయాణానికొక కామ్, గుట్టల పోటీకొక కామ్, పందేనికొక కామ్ ఇచ్చేది. అన్ని పనులకూ తగిన కామ్ ఒకటి లేదని దీనివల్ల తేలుతున్నది.

బుల్లెట్టు ఎంపిక

యుద్ధానంతరపు బుల్లెట్టు పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో. అది మొదట పేరు తెచ్చుకొన్నది వేగపు పందెంలో కాదు. 1948లో ఇటలీలోని సాన్ రెమోలో ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బ్రిటిష్ జట్టు ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో బుల్లెట్లు ఉన్నాయి. అది ఓర్పుకు పరీక్ష. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బండ్ల తయారీ సాగింది. 346 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజనులో పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, సిలిండరు వ్యాసం 70 మాత్రమే. ప్రవేశ కవాటానికొకటి, నిర్గమ కవాటానికొకటిగా రెండు కామ్‌లు పళ్లచక్రాలతో తిరిగేవి. శక్తి సుమారు 18 అశ్వశక్తులే. ఇద్దరు మనుషులను, సామానును మోస్తూ గతుకుల బాటలో మెల్లగా సాగడానికి తగిన మెత్తని కామ్‌లవి.

ఇటువంటి ఇంజనుకు పదునైన కామ్ వేసి ఊరుకొంటే చాలదు. కవాటం ఎక్కువ ఎత్తు లేచినప్పుడు పిస్టనుకు తగలవచ్చు. అందుకే నేర్పరులు పిస్టను తలపై మైనపు మట్టి ఉంచి, ఇంజనును చేతితో తిప్పి, మట్టిమీద పడిన ముద్రను కొలుస్తారు. కవాటపు త్వరణం వేగవర్గానుపాతంలో పెరుగుతుంది. 4,000 చుట్లు 5,600 అయితే వేగం 1.4 రెట్లే, త్వరణం మాత్రం దాదాపు రెండింతలు. స్ప్రింగులు దానిని ఆపలేకపోతే కవాటం ఎగిరి, ఇంజను విరుగుతుంది. కార్బురేటరును కూడ కొత్త ఊపిరికి సరిచేయాలి. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు నిర్ణయానికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది.

2020లో ఆ సంస్థ తన కొత్త 349 ఘన సెంటీమీటర్ల ఇంజనులో కామ్‌ను తలపైకి ఎక్కించింది. అయినా శక్తి సుమారు 20 అశ్వశక్తులే. ఇంజను ఎక్కువగా లాగే బలం 4,000 చుట్ల వద్దనే దొరుకుతుంది. పందెపు వేగం చేతికి అందే అమరిక ఉండికూడ, రూపశిల్పులు పాత బండి గుణాన్నే ఎన్నుకొన్నారు. కామ్ మార్చదలచినవాడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న కూడ ఇదే: బండి పోవలసింది ఏ రోడ్డుమీద?