బహాదుర్ యార్ జంగ్ వాగ్ధాటి: మాట, సైగ, స్థితి

1944 జూన్ 25. పంజాగుట్ట దాటి పడమరగా వెళితే వచ్చే బంజారా హిల్స్ అప్పటికింకా ఊరి శివారే; రాళ్ళగుట్టల మధ్య అక్కడక్కడ బంగళాలు లేచిన చోటు. అక్కడ న్యాయమూర్తి హాషిం అలీ ఖాన్ ఇంట విందుకు వచ్చిన నవాబ్ బహాదుర్ యార్ జంగ్ హుక్కా ఒక్క దమ్ము పీల్చి ఒరిగిపోయారు. అప్పటికాయన వయస్సు 39 సంవత్సరాలు. విషప్రయోగమన్న అనుమానం నాడే పుట్టింది, నేటికీ తీరలేదు. ఆ వివాదం అటుంచి, ఆనాడు ఆగిపోయిన గొంతుకు అంత శక్తి ఎక్కడిదన్నది ఆలోచించదగిన ప్రశ్న.

మహమ్మద్ బహాదుర్ ఖాన్ 1905లో హైదరాబాదులోని మహ్‌దవీ పఠాన్ జాగీర్దారు కుటుంబంలో జన్మించారు. ఆయన వక్తృత్వం మీలాద్ సభలలో పదును తేరింది. అటువంటి ఉపన్యాసమే విని నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 'బహాదుర్ యార్ జంగ్' బిరుదు నిచ్చారు. జనం 'లిసానుల్ ఉమ్మత్' అన్నారు, అంటే సమాజపు నాలుక. 1938లో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షులయ్యారు. ఆయన వ్రాసుకొచ్చి చదివే వక్త కారు. నేడు అచ్చులో దొరికే ఉపన్యాసాలు చదివినవారికి భాషాసౌందర్యం తెలుస్తుంది గాని, వేలాది జనం గంటల తరబడి కదలకుండా ఎందుకు కూర్చున్నారో తెలియదు.

దీనికి సమాధానం బస్రా పండితుడు జాహిజ్ (మరణం హిజ్రీ 255) ఏనాడో సూచించాడు. 'అల్ బయాన్ వత్తబ్‌యీన్' గ్రంథంలో ఆయన భావాన్ని తెలిపే సాధనాలు ఐదని లెక్కించాడు: మాట, సైగ, వ్రేళ్ళతో లెక్క, వ్రాత, హాల్ అనగా స్థితి. సైగను ఆయన మాటకు భాగస్వామిగా భావించాడు. చేయి, కన్ను, కనుబొమ్మ చెప్పేది లేకపోతే మాట కుంటిదే.

హదీసు గ్రంథాలు చదివినవారికి ఇది కొత్త కాదు. దైవప్రవక్త (స) మాటలు లెక్కపెట్టదలచినవాడు లెక్కపెట్టగలిగేంత నిదానంగా ఉండేవని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అదే ప్రవక్త (స) ఖుత్బాలో నేత్రాలు ఎరుపెక్కి, స్వరం పెరిగి, శత్రుసేన వస్తోందని హెచ్చరించేవారిలా కనిపించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. అనాథను పోషించేవానికి స్వర్గంలో తమ సాన్నిధ్యం ఎంతటిదో రెండు వ్రేళ్ళు చూపి చెప్పారు. మహాపాపాలను గురించి చెబుతూ, అంతవరకు ఆనుకొని ఉన్నవారు అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా కూర్చున్నారు. ఆ కదలికను సహాబీలు మాటతోపాటే భద్రపరచి మనకు అందించారు. తర్జుమా చేసేవారు తొందరలో వదిలేసేది సరిగ్గా ఇటువంటి వాక్యాన్నే!

జిన్నా ఇంగ్లీషు ఉపన్యాసాలను కొన్ని సభలలో ఉర్దూలో వినిపించినవారు బహాదుర్ యార్ జంగే. ఇంగ్లీషు రాని జనానికి జిన్నా నిలబడే తీరు, ఆయన స్వరం మాత్రమే అందేవి. అర్థం మరొకరి గొంతులో రావలసి ఉండేది. అయితే గొంతు ఒక్కటే చాలదు. జాహిజ్ చెప్పిన ఐదవ సాధనం, హాల్, ఇక్కడే పనికివస్తుంది. రాజకీయాలు మానుకోవాలన్న ఒత్తిడి ప్రభుత్వం నుండి వచ్చినప్పుడు ఆయన జాగీరును, బిరుదును వదలుకొని మళ్ళీ బహాదుర్ ఖాన్ అయ్యారు. త్యాగాన్ని గురించి ఆయన మాట్లాడినప్పుడు వినేవారికి ఎదుట నిలబడి ఉన్నది జాగీరు విడిచిన మనిషి. ఏ కంఠస్వరమూ ఆ పని చేయలేదు.

వాగ్ధాటిలో ఇంద్రజాలం ఉందన్న హదీసు ప్రసిద్ధం. అది ప్రశంసయా, హెచ్చరికయా అని పండితులు చర్చించారు. హైదరాబాదు చరిత్ర చూస్తే రెండూ నిజమే ననిపిస్తుంది. రాజ్యాధికారం ముస్లిం సమాజానిదేనన్న వాదాన్ని జనంలోకి తీసుకువెళ్ళింది బహాదుర్ యార్ జంగ్ నాయకత్వంలోని మజ్లిసే. జనాభాలో అధికసంఖ్యాకులు హిందువులైన రాజ్యంలో ఆ వాదం ఎంత ప్రమాదకరమో ఆ స్వరమాధుర్యంలో చాలామందికి తట్టలేదు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1946లో, మజ్లిస్ పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. ఆయనా వక్తే. ఆవేశం ఉంది, స్వరం ఉంది; పూర్వపు నాయకుడు సంపాదించుకొన్న నిగ్రహం లేదు. రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు సైనిక చర్య, ఆ వెంటనే ఎన్నో జిల్లాల్లో ముస్లిములపై జరిగిన హత్యాకాండ అందరికీ తెలిసినవే. రజ్వీ 1957లో జైలునుండి విడుదలై పాకిస్తాను వెళ్ళిపోయారు. ఆయన ఉపన్యాసాలు విన్నవారిలో అధికులు ఇక్కడే ఉండిపోయారు. బహాదుర్ యార్ జంగ్ సమాధి ముషీరాబాదులో ఉంది.