డిస్కులో కదిలే గోడలు: లాజికల్ వాల్యూమ్‌ల చరిత్ర

మీ కాలేజీ ల్యాబులోనో, ఇంట్లోనో ఉన్న ఒక పాత కంప్యూటరును గుర్తు చేసుకోండి. అందులో 'సి' అని ఒక డ్రైవు, 'డి' అని మరో డ్రైవు ఉంటాయి. 'సి' నిండిపోయి, ఇక చోటు లేదని యంత్రం మొరాయిస్తుంది. 'డి' మాత్రం సగానికి పైగా ఖాళీగా ఉంటుంది. విచిత్రమేమిటంటే చాలా కంప్యూటర్లలో ఈ రెండూ ఒకే హార్డ్ డిస్కు మీద ఉన్న రెండు భాగాలు. మరి పక్కనే ఉన్న ఖాళీ చోటు అవసరానికి ఎందుకు పనికి రాలేదు? మధ్యలో ఒక గోడ ఉంది కనుక. ఆ గోడ ఎలా వచ్చింది, దాన్ని కదిలించడం ఎవరు నేర్చుకున్నారు, కదిలించడం మొదలుపెట్టాక కొత్తగా ఏ ప్రమాదాలు వచ్చాయి అన్నదే ఈనాటి మన పాఠ్యాంశం.

ఉదాహరణలకు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరం దాకా వెళ్దాం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. అయితే నేను భిలాయిని ఎంచుకున్నది అందుకు కాదు. నడుస్తున్నదాన్ని ఆపకుండా పెంచడం ఎలా అన్న ప్రశ్నకు ఆ ఊరే ఒక మంచి పాఠం. మన కథకు మూలం కూడా సరిగ్గా ఆ ప్రశ్నే.

సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు అన్నది మొదటి లక్ష్యం. 1967 నాటికి దాన్ని ఇరవై అయిదు లక్షల టన్నులకు, 1988 నాటికి నలభై లక్షల టన్నులకు పెంచారు. ఇలా పెంచిన ప్రతిసారీ ప్లాంటు మొత్తాన్ని మూసేసి మళ్ళీ కట్టలేదు. పాత ఫర్నేసులు మండుతూ ఉండగానే పక్కన కొత్తవి లేచాయి. బ్లాస్ట్ ఫర్నేసును వంటింటి పొయ్యిలాగా ఆర్పి, కావాలనుకున్నప్పుడు వెలిగించడం కుదరదు మరి.

భిలాయికి పునాదులు పడుతున్న ఆ రోజుల్లోనే అమెరికాలో హార్డ్ డిస్కు పుట్టింది. 1956 సెప్టెంబరులో ఐ.బి.ఎం. సంస్థ 'రామాక్' అనే యంత్రాన్ని ప్రకటించింది. అందులోని డిస్కు యూనిట్‌లో ఇరవై నాలుగు అంగుళాల వ్యాసమున్న పళ్ళేలు యాభై ఉండేవి. టన్నుకు పైగా బరువున్న ఆ పెట్టె దాచగలిగింది యాభై లక్షల అక్షరాలు మాత్రమే. ఈ రోజు మీ ఫోనుతో తీసే ఒక్క మంచి ఫోటోకు కూడా అది చాలకపోవచ్చు.

1962లో ఊడదీసి మార్చుకోగల డిస్కు ప్యాకులు వచ్చాయి. గుండ్రని కేకు డబ్బాలాంటి ఆ ప్యాకును ఎత్తి యంత్రంలో పెట్టేవారు, పని అయ్యాక తీసి బీరువాలో దాచేవారు. అలా విడిగా దాచుకునే ఒక్కొక్క ప్యాకునూ, ఒక్కొక్క టేపు చుట్టనూ 'వాల్యూమ్' అన్నారు. గ్రంథాలయంలో ఒకటో సంపుటం, రెండో సంపుటం అంటామే, అదే అర్థం. అంటే ఆనాడు వాల్యూమ్ అంటే చేత్తో పట్టుకోగల వస్తువు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి అదే మాట కంటికి కనిపించని దాని పేరుగా మారిపోతుంది.

1964 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. తన సిస్టమ్ 360 కుటుంబాన్ని ప్రకటించింది. ఆ యంత్రాల మీద ఒక ఫైలు సృష్టించాలంటే దానికి ఎంత చోటు కావాలో ప్రోగ్రామరు ముందే అంచనా వేసి చెప్పాలి. ట్రాకులు ఎన్ని, సిలిండర్లు ఎన్ని అని లెక్కగట్టి రాయాలి. ఎక్కువ అడిగితే ఖరీదైన చోటు వృథా. తక్కువ అడిగితే రాత్రంతా నడిచిన పని తెల్లవారుజామున 'బి37' అనే సంఖ్య చూపించి కూలిపోయేది. చోటు అయిపోయిందని దాని అర్థం. ఆ కాలంలో మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసినవారికి ఈ సంఖ్య చెప్పి చూడండి, వివరణ అక్కర్లేదు.

మన దేశంలో పరిస్థితి ఇంకా కటువు. డిస్కులు, టేపులు, వాటి విడిభాగాలు చాలావరకు దిగుమతి కావలసిందే. 1967లో హైదరాబాదులో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే మనం ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచుకునే సంస్థ, టి.డి.సి. పేరుతో స్వదేశీ కంప్యూటర్లు తయారుచేసింది. 1978లో ఐ.బి.ఎం. భారతదేశం విడిచి వెళ్ళింది. అటువంటి కాలంలో ఉన్న చోటును జాగ్రత్తగా పంచుకోవడం సరదా విద్య కాదు, తప్పనిసరి.

యునిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌కు కూడా ఈ బాధ తప్పలేదు. మొదటి డిస్కు చిన్నది. అందులో వ్యవస్థకు సంబంధించిన ప్రోగ్రాములు పెడితే, వాడకందార్ల ఫైళ్ళకు రెండో డిస్కు కేటాయించి దానికి 'యు.ఎస్.ఆర్.' అని పేరు పెట్టారు. మొదటిది నిండిపోయేసరికి మిగిలిన ప్రోగ్రాములూ ఆ రెండో డిస్కులోకే చేరాయి. ఆనాడు చోటు చాలక చేసిన సర్దుబాటు ఈనాటికీ లినక్స్ యంత్రాల్లో 'యు.ఎస్.ఆర్.' అనే డైరెక్టరీగా మిగిలి ఉంది. చరిత్ర శాసనాల్లోనే కాదు, ఇలాంటి పేర్లలో కూడా ఉంటుంది.

ఇక మన 'సి', 'డి'ల దగ్గరకు వద్దాం. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్.టి.లో పది మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. దాన్ని భాగాలు చేసుకోవడానికి డిస్కు మొట్టమొదటి సెక్టారులోనే ఒక చిన్న పట్టిక పెట్టారు. అందులో నాలుగే వరుసలు, ఒక్కొక్కటి పదహారు బైట్లు. ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు అన్నది అందులో రాసి ఉంటుంది. ఇదే పార్టిషన్ పట్టిక. ఒక్కో భాగం ఒకేచోట, వరుసగా, మధ్యలో తెగకుండా ఉండాలి. అదీ అసలు గోడ. పక్క భాగంలో ఎంత ఖాళీ ఉన్నా అటు జరగడానికి వీల్లేదు.

గోడ జరపాలంటే అప్పట్లో ఏం చేసేవారు? యంత్రాన్ని వాడేవారందరినీ బయటికి పంపి, సమాచారమంతా టేపు మీదికి ఎక్కించి, డిస్కును తుడిచి, కొత్త కొలతలతో భాగాలు చేసి, టేపులోని సమాచారాన్ని తిరిగి దించేవారు. ఒక రాత్రి పట్టేది. తిరిగి దించేటప్పుడు టేపు చదవడానికి రాకపోతే పాత సమాచారం పోయినట్టే. రోలింగ్ మిల్లులో గంట గంటకూ లెక్కలు రాసే కంప్యూటరును అలా రాత్రంతా ఆపగలరా అని ఆలోచించండి. ఫర్నేసును ఆర్పలేనట్టే దాన్నీ ఆపలేరు.

దీనికి పరిష్కారం 1990లో ఐ.బి.ఎం. విడుదల చేసిన ఆర్.ఎస్. 6000 యంత్రాలతో, వాటి మీద నడిచే ఎ.ఐ.ఎక్స్. అనే యునిక్స్‌తో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దాని పేరు లాజికల్ వాల్యూమ్ మేనేజర్. మూల సూత్రం అప్పటికే పాతది. జ్ఞాపకశక్తి విషయంలో ఇటువంటి పని 1962లోనే ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో అట్లాస్ కంప్యూటరు చేసింది. ప్రోగ్రాముకు కనిపించే చిరునామా వేరు, సమాచారం నిజంగా ఉన్న చోటు వేరు. మధ్యలో రెండింటినీ కలిపే ఒక పట్టిక. అదే ఉపాయాన్ని ఇప్పుడు డిస్కుకు వర్తింపజేశారు.

భిలాయి టౌన్‌షిప్‌ను ఊహించుకుంటే ఇది తేలిక. సెక్టార్లు ఉన్నాయి, సెక్టార్లలో క్వార్టర్లు ఉన్నాయి. అన్ని క్వార్టర్లూ ఒకే కొలతవి అనుకుందాం. ఎవరికి ఏ క్వార్టరు ఇచ్చారో ఆఫీసు రిజిస్టరులో ఉంటుంది. ఒక విభాగానికి పది క్వార్టర్లు కావాలంటే అవన్నీ ఒకే వీధిలో ఉండనక్కర్లేదు. నాలుగు ఒక సెక్టారులో, ఆరు మరో సెక్టారులో ఇచ్చినా, రిజిస్టరులో మాత్రం వరుసగా ఒకటి నుంచి పది వరకు రాసుకుంటే చాలు. ఇక్కడ సెక్టారు అంటే నిజమైన డిస్కు, దీన్ని ఫిజికల్ వాల్యూమ్ అంటారు. సెక్టార్లన్నీ కలిసిన టౌన్‌షిప్ వాల్యూమ్ గ్రూప్. ఒకే కొలత ఉన్న క్వార్టరు ఎక్స్‌టెంట్. విభాగానికి దక్కిన పది క్వార్టర్ల వరుస లాజికల్ వాల్యూమ్. చేత్తో పట్టుకోగల ప్యాకుకు పెట్టిన పేరు ఇలా రిజిస్టరులోని ఒక వరుసకు దక్కింది.

లినక్స్‌లో ఎక్స్‌టెంట్ సాధారణ కొలత నాలుగు మెగాబైట్లు. వంద గిగాబైట్ల డిస్కును ఇలా కోస్తే సుమారు 25,600 ముక్కలు వస్తాయి. ఒక వాల్యూము నిండిపోతే, ఖాళీగా ఉన్న ముక్కల్లోంచి కొన్నిటిని దాని పేర రాస్తారు. అవి కూడా అయిపోతే కొత్త డిస్కు తెచ్చి గ్రూపులో చేరుస్తారు. యంత్రం నడుస్తూనే ఉంటుంది. అంతకంటే ముచ్చటైన సంగతి మరొకటి ఉంది. పాతబడిన డిస్కు మీది ముక్కలను ఒక్కొక్కటిగా కొత్త డిస్కుకు తరలించవచ్చు. ఆ సమయంలో ఫైళ్ళు చదివేవారికీ, రాసేవారికీ తేడా తెలియదు. తరలింపు పూర్తయ్యాక పాత డిస్కును ఊడదీసి బయట పెట్టవచ్చు.

ఈ విద్య చాలాకాలం ఖరీదైన యంత్రాలున్న సంస్థలకే పరిమితం. హ్యూలెట్ ప్యాకార్డ్ వారి యునిక్స్‌లోనూ ఇటువంటి ఏర్పాటే వచ్చింది. 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ అనే జర్మన్ ప్రోగ్రామరు దాని పద్ధతిని ఆదర్శంగా తీసుకుని లినక్స్ కోసం ఒక లాజికల్ వాల్యూమ్ మేనేజర్ రాశాడు. 2001 జనవరిలో విడుదలైన లినక్స్ 2.4 కెర్నెల్‌లో అది భాగమైంది. తర్వాత సిస్టినా అనే సంస్థ దాన్ని తిరగరాసి రెండో రూపాన్ని తయారుచేసింది. దానికి ఆధారమైన డివైస్ మ్యాపర్ అనే పొర 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో చేరింది. అదే నెలలో సిస్టినాను కొంటున్నట్టు రెడ్ హ్యాట్ ప్రకటించింది. ఫలితంగా అంతవరకు లక్షలు పోస్తే గాని చూడలేని సాధనం ఏ చిన్న ఊరి కాలేజీ ల్యాబులోనైనా ఉచితంగా నేర్చుకోవడానికి వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన మలుపు 1990 కాదు, ఇదే.

ఇప్పుడు ప్రమాదాల మాట. పట్టిక వచ్చాక, పట్టిక పోతే అన్నీ పోతాయి. క్వార్టర్లు నిలబడే ఉంటాయి, ఎవరిది ఏదో చెప్పేవారు ఉండరు. అందుకే గ్రూపులోని డిస్కుల మీద సాధారణంగా ఒక్కొక్క ప్రతి చొప్పున రాసి ఉంచుతారు, అదనంగా మామూలు ఫైలుగా కూడా దాస్తారు.

రెండోది ఇంతకంటే పెద్దది. భిలాయిలో 130 మీటర్ల రైలు పట్టాలు రెండింటిని అతికి 260 మీటర్ల పట్టా తయారుచేస్తారు. ఆ పట్టాలో ఏ ముక్క విరిగినా రైలు ఆగాల్సిందే. నాలుగు డిస్కుల మీద పరిచిన వాల్యూమూ అంతే. ఒక్కో డిస్కు ఏడాది పాటు చెడకుండా ఉండే అవకాశం నూటికి 97 అనుకుందాం. నాలుగూ బాగుండే అవకాశం 0.97ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే నూటికి 88.5 మాత్రమే. ఒంటరి డిస్కుకు మూడు శాతం ఉన్న ముప్పు పదకొండు శాతం దాటింది! చోటు పెరిగింది, భద్రత తగ్గింది. ఈ లోటును పూడ్చే మార్గాన్ని 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పత్రంలో వివరించారు. సమాచారాన్ని అదనపు డిస్కుల మీద కూడా నిలిపే 'రెయిడ్' పద్ధతి అది. లాజికల్ వాల్యూము సౌలభ్యం ఇస్తుంది, రక్షణ రెయిడ్ ఇస్తుంది. రెంటినీ ఒకటే అనుకుని డిస్కులు పోగొట్టుకున్నవారు తక్కువమంది కారు. రెయిడ్ ఉన్నా విడిగా బ్యాకప్ తప్పదు, ఎందుకంటే పొరపాటున చెరిపేసిన ఫైలును అది కూడా నమ్మకంగా అన్నిచోట్లా చెరిపేస్తుంది.

మూడోది కుదింపు. పెంచేటప్పుడు ముందు వాల్యూమును, తర్వాత దాని లోపలి ఫైల్ సిస్టమ్‌ను పెంచాలి. తగ్గించేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. ముందు లోపలి సామాను సర్ది చిన్న చోటులోకి చేర్చాలి, ఆ తర్వాతే గోడ లోపలికి జరపాలి. తొందరపడి ముందు గోడ జరిపితే అవతల మిగిలిన సామాను దక్కదు. పరీక్షలో అడిగితే రాస్తారు సరే, అర్ధరాత్రి ఒంటరిగా యంత్రం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తుండాలి.

2012 జనవరిలో వచ్చిన లినక్స్ 3.2 కెర్నెల్‌తో మరో అడుగు పడింది. చోటును మాట వరసకు ఇచ్చి, నిజంగా రాసినప్పుడే కేటాయించే పద్ధతి ఇది. వంద గిగాబైట్ల నిల్వ ఉంటే పదిమందికి ఇరవై చొప్పున హామీ ఇవ్వవచ్చు. బ్యాంకు చేసే పని కూడా ఇదే కదా, ఖాతాదారులందరూ ఒకే రోజు వచ్చి డబ్బు అడగరన్న నమ్మకం. అడిగితే మాత్రం రాతలు ఆగిపోతాయి, ఫైళ్ళు దెబ్బతినవచ్చు. నిల్వ ఎంత మిగిలిందో రోజూ చూసుకునే మనిషి లేని చోట ఈ పద్ధతి పెట్టకపోవడమే మేలు.

ఇదంతా పెద్ద సర్వర్ల గొడవ అనుకోకండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా మన 'సి', 'డి'ల లాంటి గోడలే ఉండేవి. కొత్త వెర్షను పెద్దదైతే, ఫోను తయారైన రోజున గీసిన గీత దాటలేక ఇబ్బంది పడేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో కొత్త ఫోన్లలో ఈ గోడలు చాలావరకు తీసేశారు. 'సూపర్' అనే ఒకే పెద్ద భాగం పెట్టి, వ్యవస్థకు కావలసిన వాల్యూములను అందులో అవసరాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. అడుగున పనిచేసేది 2003లో లినక్స్‌లో చేరిన ఆ డివైస్ మ్యాపరే.