ఏరు దాటడం, ఊరు దాటడం: కూచిపూడి చరిత్రలో పరిచితత్యాగం – ఆత్మజ్ఞానం

కీలకపదాలు: కూచిపూడి, సిద్ధేంద్రయోగి, భామాకలాపం, గొల్లకలాపం, క్షేత్రయ్య, ఆపత్సన్న్యాసం, కళావంతులు.

ఉపోద్ఘాతం:

తనను తాను తెలుసుకోవాలంటే తనకు బాగా తెలిసినదాన్ని విడిచిపెట్టక తప్పదా? ఈ ప్రశ్నకు మన సంప్రదాయంలో సన్న్యాసం ఒక సమాధానం. రాజ్యంలో ఉంటూనే జ్ఞానియైన జనకుడు మరొక సమాధానం. తత్త్వచర్చగా ఇది తెగేది కాదు. ఒక ఊరి చరిత్రలో దీన్ని వెదికితే మాత్రం ఎవరు దేన్ని విడిచారు, దేన్ని వెంట తీసుకువెళ్ళారు, ఆ విడవడానికి మూల్యం ఎవరు చెల్లించారు అన్న విషయాలు స్పష్టంగా కనిపిస్తాయి. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి అటువంటి ఊరు.

ఈ వ్యాసానికి మూలం తరగతిగదిలో ఎదురైన ఒక ప్రశ్న. భామాకలాపం పాఠానికి ముందు సిద్ధేంద్రయోగి కథ చెప్పడం ఆనవాయితీ. అలాగే చెప్పాను. కథ ముగిశాక ఒక విద్యార్థిని లేచి, "మరి ఆయన భార్య ఏమైందండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఏటి నడుమ సన్న్యాసం:

ప్రచారంలో ఉన్న కథ ఇది. బాల్యంలోనే వివాహమైన సిద్ధేంద్రుడు పెరిగి పెద్దవాడై అత్తవారింటికి బయలుదేరాడు. దారిలో కృష్ణానదికి వరద వచ్చింది. మునిగిపోతానన్న భయంతో, బ్రతికి బయటపడితే సన్న్యసిస్తానని భగవంతునికి మొక్కుకొని, నది నడుమనే మానసికంగా సన్న్యాసం స్వీకరించాడు. వరద తగ్గింది. అత్తవారింటికి చేరిన అతనిలో భార్యకు భర్త కాక యోగి కనిపించాడు. ఆమె అనుమతితో అతడు కృష్ణభక్తికి అంకితమయ్యాడు.

సిద్ధేంద్రుని కాలం గురించి పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. పద్నాల్గవ శతాబ్దం మొదలు పదిహేడవ శతాబ్దం వరకు వేర్వేరు ఊహలున్నాయి. పైగా కృష్ణలీలాతరంగిణి కర్త నారాయణతీర్థుల గురించీ ఇదే కథ చెబుతారు: నది, వరద, ఆపత్సన్న్యాసం, భర్తలో తేజస్సును చూసిన భార్య. శంకరాచార్యుల కథలో వరదకు బదులు మొసలి, భార్యకు బదులు తల్లి. కాబట్టి దీన్ని ఒక వ్యక్తి జీవితచరిత్రగా కాక, సంచరిస్తూ వచ్చిన ఒక కథాబీజంగా చూడడం సముచితం. ఈ కథలన్నింటిలోనూ త్యాగానికి ప్రేరణ జ్ఞానం కాదు, మృత్యుభయం. శాస్త్రం ఆపత్సన్న్యాసాన్ని అంగీకరిస్తుంది. ప్రాణం పోయే వేళ విధివిధానాలు అక్కరలేదు, సంకల్పం చాలు. విడవడం ముందు జరిగింది, తెలియడం తర్వాత మొదలైంది.

భార్య విషయానికి వస్తే, నేను చదివిన కథనాలలో ఆమెకు పేరు లేదు. ఆమె అనుమతించడంతో ఆమె పాత్ర ముగుస్తుంది. సిద్ధేంద్రుడు ఇల్లు విడిచాడంటాం. ఆ వాక్యంలో విడువబడిన ఇల్లు ఆమె.

కథ అక్కడితో ఆగితే ఇది మామూలు వైరాగ్యగాథే. సర్వసంగపరిత్యాగి ఊరి వైపు తిరిగి వచ్చాడు. బ్రాహ్మణ బాలురను చేరదీసి భామాకలాపం నేర్పాడు. కూచిపూడి భాగవతుల కుటుంబాలలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకొన్నాడు. కులాన్నీ గృహాన్నీ విడిచినవాడు ఇతరులను కులానికీ ఊరికీ వంశపారంపర్యంగా కట్టివేశాడన్నమాట! గోల్కొండ నవాబు తానీషా ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న ఐతిహ్యం, 1763 నాటి ఆస్తి పంపకాల పత్రం ఈ కట్టుబాటుకు భూమినీ ఇంటిపేర్లనూ జతచేస్తాయి.

అద్దం, ముక్కర, చల్లకుండ:

భామాకలాపంలో సత్యభామ మొదట తెర వెనుక నుంచి జడ మాత్రమే చూపుతుంది. ప్రవేశదరువులో తానెవరో చెప్పుకొంటుంది. ఆ చెప్పుకోవడంలో ఉన్నవన్నీ పరిచితాలే: అందం, ఐశ్వర్యం, భర్త తనకు వశుడన్న ధీమా. ప్రదర్శన సంప్రదాయంలో కలహానికి కారణం అద్దం. ఇద్దరూ అద్దంలో చూసుకొంటూ ఎవరు అందగాళ్ళన్న మాట దగ్గర తగవు పడతారు, కృష్ణుడు వెళ్ళిపోతాడు. ఆత్మజ్ఞానానికి ప్రతీకగా తత్త్వగ్రంథాలు తరచు వాడే అద్దమే ఇక్కడ అహంకారానికి సాధనమైంది.

కృష్ణుణ్ణి తీసుకురమ్మని మాధవిని వేడుకొన్నప్పుడు ఆమె ప్రతిఫలంగా ముక్కర అడుగుతుంది. సత్య తటపటాయిస్తుంది, బేరమాడుతుంది, చివరకు ఇస్తుంది. జీవాత్మ పరమాత్మను చేరడానికి అహంకారాన్ని విడవడమే ఇది అని వ్యాఖ్యాతలంటారు. ఆ వ్యాఖ్యానం సరైనదే కావచ్చు, కాని రంగస్థలం మీద ప్రేక్షకుడు చూసేది వైరాగ్యం కాదు. ఒక్క నగను వదులుకోవడం ఎంత కష్టమో చూస్తాడు. సత్య అన్నీ విడవదు, యోగిని కాదు. మళ్ళీ సత్యభామగానే మిగులుతుంది.

గొల్లకలాపంలోని గొల్లభామ ఇంకా విశేషమైన పాత్ర. చల్లలమ్ముకొనే ఈమె బ్రాహ్మణునితో వాదానికి దిగి పిండోత్పత్తి క్రమాన్ని, యజ్ఞార్థాన్ని వివరిస్తుంది. బ్రాహ్మణ్యం పుట్టుకతోనా, జ్ఞానంతోనా అని నిలదీస్తుంది. జ్ఞానం కోసం ఈమె ఏ నదీ దాటలేదు, వృత్తిని మానలేదు. పరిచితాన్ని విడవవలసిన అవసరం ఇక్కడ గొల్లభామది కాదు, ఆమె మాట వినవలసిన బ్రాహ్మణునిది. ఈ పాత్రను అగ్రహార బ్రాహ్మణ పురుషుడే ధరించి ఆడేవాడన్నది మరువరాదు. ఆ వేషం అతనికి ఆత్మపరీక్షా, అధికార ప్రదర్శనా? హర్షిత మృతింటి కామత్ 2019లో వెలువరించిన గ్రంథంలో కూచిపూడి స్త్రీవేషాన్ని బ్రాహ్మణ పురుషత్వంతో ముడిపెట్టి చర్చించారు. ఆమె వాదనతో నాకు చాలావరకు ఏకీభావం ఉంది.

మొవ్వ నుంచి వెళ్ళినవాడు:

కూచిపూడి పొరుగునే ఉన్న మొవ్వ, సంప్రదాయం ప్రకారం పదిహేడవ శతాబ్దికి చెందిన పదకర్త క్షేత్రయ్య స్వస్థలం. ఆయన ఊరు విడిచి మధుర తిరుమలనాయకుని, తంజావూరు విజయరాఘవనాయకుని, గోల్కొండ పాదుషాల కొలువులు చూశాడు. క్షేత్రాలు తిరిగినందువల్లనే క్షేత్రయ్య అన్న పేరు వచ్చిందంటారు. పేరు దారి ఇచ్చింది, ముద్ర ఊరు ఇచ్చింది. ఏ రాజు కొలువులో పాడినా పదంలో ఉన్నది మువ్వగోపాలుడే. ఏరు దాటాక తెప్ప తగలేయడం మనకు కృతఘ్నతకు సామెత. క్షేత్రయ్య తెప్పను నెత్తిన పెట్టుకొని నడిచాడు.

ఊరి పేరు నాట్యానికి పేరైన వైనం:

ఊళ్ళో ఉన్నంతకాలం అది 'భాగవతం', ఆడేవారు 'భాగవతులు'. కూచిపూడి అన్నది చిరునామా మాత్రమే. అదే ఒక నాట్యరీతికి పేరుగా స్థిరపడింది ఊరు దాటాకనే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి మేళం కట్టుబాటు నుంచి ఏకపాత్ర నృత్యం వైపు మళ్ళి, మద్రాసులో స్త్రీలకు నేర్పారు. బాలసరస్వతి ఆయన దగ్గర అభినయం నేర్చుకొన్నారు. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ జరిపిన నాట్యసదస్సులో విస్సా అప్పారావు కూచిపూడి పక్షాన మాట్లాడారు. ఇది శాస్త్రీయమా కాదా అని ఇతరులు అడిగినప్పుడే తామెవరో చెప్పుకోవలసిన అవసరం వచ్చింది. ఒక రకంగా అది ఆ నాట్యానికి ప్రవేశదరువు.

వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఎస్.వి. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం తోడుగా నృత్యనాటకాలు రూపొందించారు. సత్యభామ పాత్ర స్త్రీలకు దక్కింది. అనకాపల్లి నుంచి వచ్చిన శోభానాయుడు ఆ పాత్రకు పర్యాయపదమయ్యారు. సిద్ధేంద్రుడు తీసుకొన్న మాట అలా సడలింది. దానితోపాటు మరొకటి కూడా పోయింది. మేళంలో భామ స్వయంగా పాడేది, సంభాషణ పలికేది. సూత్రధారుడు ఆమెను ఆటపట్టించేవాడు, ఆమె అప్పటికప్పుడు జవాబిచ్చేది. నృత్యనాటకంలో గొంతు పక్కన కూర్చొన్న గాయకులకు వెళ్ళింది. ఆంగికం తీర్చిదిద్దుకొన్నది, వాచికం సన్నగిల్లింది. సాహిత్య విద్యార్థిగా ఈ నష్టాన్ని నేను చిన్నదిగా చూడలేను.

ఊళ్ళోనే నిలిచినవారి మాటేమిటి? చింతా కృష్ణమూర్తి నడిపిన వేంకటరామ నాట్యమండలిలో వేదాంతం సత్యనారాయణశర్మ దశాబ్దాలపాటు సత్యభామగా, ఉషగా ఆడారు. ఆయన విడిచినది ఊరిని కాదు, వేషం కట్టిన రాత్రులలో సొంత నడకను, సొంత గొంతును. తెల్లవారి మళ్ళీ వాటిలోకి వచ్చేవారు. చినసత్యం, సత్యనారాయణశర్మ ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు. వీరిలో కూచిపూడి తత్త్వం ఎవరికి ఎక్కువ తెలుసునన్న వాదం రసికుల మధ్య వినిపిస్తూంటుంది. నా దృష్టిలో ఒకరు లేకుండా మరొకరి సాధన ఏమిటో మనకు అర్థం కాదు. ఊరు ఏమిటో చూపడానికి ఒకరు దూరం వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళినది ఎంత దూరమో తెలియడానికి మరొకరు ఉన్నచోట ఉండవలసి వచ్చింది.

విడవక తప్పనివారు:

పైన చెప్పినవారందరికీ విడవడం, నిలవడం అన్న రెండు దారులూ ఉన్నాయి. గోదావరీ తీరంలో భామాకలాపం, గొల్లకలాపం ఆడిన కళావంతుల స్త్రీలకు ఆ అవకాశం లేదు. సంస్కరణోద్యమం, ఆపైన 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వారి పరిచిత జీవితాన్ని నేరంగా మార్చాయి. ఆ వ్యవస్థలోని దోపిడీని ఎవరూ సమర్థించరు. అయితే దోపిడీని తొలగించే క్రమంలో వారి నుంచి విద్య కూడా తొలగిపోయింది. అదే దశాబ్దంలో ఆ విద్యకు పోలిన విద్య అగ్రహారం నుంచి మద్రాసు సభలకు గౌరవంగా నడిచింది. ఒకరి త్యాగాన్ని సాధన అన్నాం, ఇంకొకరి నష్టాన్ని సంస్కరణ అన్నాం.

దేవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన పరిశోధనలో కోస్తాంధ్ర కళావంతుల వృద్ధస్త్రీలు తమ ఇళ్ళలో, బయటివారి చూపు పడని వేళల్లో, పాత పదాలకు అభినయం పట్టిన సందర్భాలు నమోదయ్యాయి. ప్రేక్షకులు లేరు, పారితోషికం లేదు, నేర్పడానికి శిష్యులు లేరు. తామెవరో మరచిపోకుండా ఉండడానికి వారు ఆ కాస్త పరిచితాన్ని పట్టుకొని ఉన్నారు. నా విద్యార్థిని అడిగిన ప్రశ్న సిద్ధేంద్రుని భార్య గురించి. ఆమె జాడ కోసం వెదకవలసిన చోటు బహుశా ఆ ఇళ్ళే.